నాలుగువందల పదిహేడో నంబరు పతకం

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి మ్యూజియం వెనక గది తలుపు తీయడం, బల్లని కిటికీ పక్కకి జరపడం, అత్తగారి కుర్చీ తుడవడం కోడలి పనులు. కుర్చీ ఎంత శుభ్రంగా తుడిచినా అత్తగారు కూర్చునే ముందు చేతిరుమాలు తీసి మళ్లీ తుడుచుకునేది. పదకొండేళ్లుగా ఇదే తంతు. కోడలు ఒక్కమాట అనలేదు, అత్తగారూ మానలేదు.

ఆ గదిని గుర్తింపు గది అంటారు. అటక మీదో, పెట్టె అడుగునో, పోయిన పెద్దల కోటు జేబులోనో దొరికిన పాత సైనిక పతకాలూ బిళ్లలూ ఊళ్లోవాళ్లు అక్కడికి పట్టుకొస్తారు. ఇది ఏమిటి, ఎప్పటిది, ఎందుకిచ్చారు అని అడుగుతారు. పైకి అడిగేది అదే గానీ లోపల అందరి ప్రశ్నా ఒక్కటే: మావాడు వీరుడేనా కాదా?

కోడలు తొందరపడే మనిషి కాదు. ముందు పతకాన్ని చిన్న తక్కెడలో తూచేది. తర్వాత కిటికీ వెలుగు ఏటవాలుగా పడేలా తిప్పి, భూతద్దంతో అంచు చూసేది. ముఖం మీద ఎన్ని కిరీటాలూ కత్తులూ ఉన్నా అసలు సంగతి అంచు మీదే ఉంటుంది. నంబరు, దళం పేరు, అదృష్టం బాగుంటే మనిషి పేరు. అచ్చు గుద్దిందా, పోత పోసిందా చూసేది. పోత పోసిన నకలు మీద మశూచి మచ్చల్లా సన్నని గుంటలుంటాయి. పళ్లపొడి వేసి తళతళలాడేలా తోమి తెచ్చినవాళ్లని మాత్రం మెత్తగా చివాట్లు పెట్టేది. తోమితే మురికితోపాటు అక్షరాలూ పోతాయి కదా. ఆ తర్వాత పుస్తకాలు తిరగేసేది. అప్పటికీ తేలకపోతే పతకాన్ని అత్తగారి ఎడమ అరచేతిలో పెట్టేది.

ఆ అరచేతిలో పెట్టిన వస్తువు మొట్టమొదట ఎవరిదో వాళ్ల అలవాట్లు అత్తగారికి వచ్చేవి, చేతిలో ఉన్నంతసేపూ. బూర ఊదేవాడి పతకం పెడితే బుగ్గలు పూరించేది. దళంలో గుమాస్తాది పెడితే వేలు నాలిక మీద తడుపుకుని లేని కాయితాలు తిప్పేది. ఒక పెద్దమనిషి, యుద్ధభూమిలో మా ముత్తాత గుండెకి తగిలించారండీ అని మఖమల్ డబ్బాలో పెట్టి తెచ్చిన ఇత్తడి బిళ్లని పట్టుకుని, మెడదాకా వేణ్నీళ్లలో దిగినదానిలా కళ్లు మూసుకుని హాయిగా నిట్టూర్చింది. అది సిపాయిల స్నానాలగది బిళ్ల. బిళ్లకి ఒక బకెట్టు వేణ్నీళ్లు. ఇంకోసారి, ఏదో వంతెన ప్రారంభానికి జ్ఞాపకంగా సైన్యమంతటికీ పంచిన పతకం పట్టుకుని నిలువుకాళ్ల మీద కునుకు తీసింది. ఆ రోజు ఉపన్యాసాలు అయిదు గంటలు సాగాయని తర్వాత పాత పత్రికలో దొరికింది. మ్యూజియం అధికారి రిజిస్టర్లో బరువు, కొలత, లోహం, అంచు రాత అనే గళ్ల పక్కన 'అత్తగారి పరిశీలన' అని ఇంకో గడి గీయించాడు. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ గడి ఖాళీగా ఉంటే సంజాయిషీ అడిగేవారు.

ఒక గురువారం ఆ గదికి కల్నల్ వచ్చాడు.

ఆయన నిజంగా కల్నల్ కాదు. సిపాయి కూడా కాదు. లారీల తూకం కాటా దగ్గర ముప్పైనాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసి దిగిపోయిన మనిషి. నిటారుగా నడుస్తాడు, మాటకి ముందొకసారి వెనకొకసారి "మాది సైనిక కుటుంబం" అంటాడు కాబట్టి ఆ పదవి ఊరే ఆయనకి ఇచ్చింది. వెక్కిరింతగా పుట్టిన పేరు వాడగా వాడగా అరిగి మర్యాదలో పడిపోయింది.

సైనిక కుటుంబం అనడానికి ఆధారం ఆయన తండ్రి పతకం ఒక్కటే. తండ్రి మాట్లాడే రకం కాదు. యుద్ధంలో ఏం చేశావు నాన్నా అని అడిగితే "కొండ ఎక్కాను, దిగాను" అనేవాడు, అంతే. ఆయన పోయాక ఆ మూడు ముక్కల్నీ కొడుకు పెంచి పెద్ద చేశాడు. మొదట కొండ మీద ఒక కాపలా గుడిసె మొలిచింది. పదేళ్లకి అది కోట అయింది. మనవరాలు పుట్టేనాటికి కోటలు మూడయ్యాయి. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు, ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆయన ఆ పతకం చూపించేవాడు. దూరం నుంచే. చేతికి మాత్రం ఇచ్చేవాడు కాదు.

ఇంత చేసీ, ఆ తర్వాత వాళ్లింట్లో ఒక్కరూ సైన్యంలో చేరలేకపోయారు. కల్నల్ పాదాలు పలకల్లా చదునుగా ఉన్నాయని డాక్టరు వెనక్కి పంపేశాడు. కొడుకువీ అంతే. అందుకని మనవరాలు పుట్టినప్పుడు చుట్టాలందరూ ముఖం చూస్తుంటే ఈయన దుప్పటి ఎత్తి పాదాలు చూశాడు. రెండూ విల్లులా వంపు తిరిగి ఉన్నాయి. ఆ పిల్ల బతుకు అప్పుడే, పేరు కూడా పెట్టకముందే నిర్ణయమైపోయింది.

ఇప్పుడామెకి ఇరవై ఏళ్లు. వచ్చే సోమవారం మైదానంలో సైన్యానికి ఎంపికలు. పతకం పొందినవాళ్ల వారసులకి ముందు వరస అనీ, పతకం ఏమిటో మ్యూజియం రాసిచ్చిన కాయితం జతచేయాలనీ ప్రకటనలో ఉంది. ఏడాదిగా కల్నల్ మనవరాలిని రోజూ సాయంత్రం పరుగుకి పంపుతున్నాడు. ఆమె వీధి చివరిదాకా నిజంగానే పరిగెత్తేది. అక్కడ కుడిచేతి సందులోకి తిరిగి, బూట్లు కుట్టే ఆయన దుకాణంలో కూర్చుని, తోలు కత్తిరించడం, అంచు పలచగా చెక్కి మడవడం, మైనం పట్టించిన దారంతో కుట్టడం నేర్చుకునేది. వేళ అయ్యాక కొళాయి కింద తల పెట్టి తడుపుకుని, ఆయాసపడుతూ ఇల్లు చేరేది. ఆ చెమట చూసి తాత కళ్లు చెమర్చేవి. తాతయ్యా, నాకు సైన్యం వద్దు అని చెబుదామని ఆమె ఎన్నోసార్లు నోరు తెరిచింది. ఎదురుగా ఆయన ముఖం వెలిగిపోతుండేది. తెరిచిన నోరు ఊరికే మూయలేక, మంచినీళ్లు అడిగేది.

ఆ గురువారం తాత వెనకాలే ఆమె కూడా వచ్చింది.

కల్నల్ పతకాన్ని బల్ల మీద పెట్టలేదు, సమర్పించాడు. కాయితంలో కోటల సంగతి కూడా వివరంగా రాయమన్నాడు. మొత్తం మూడని గుర్తుచేశాడు. కోడలు సరేనని తక్కెడలో వేసింది. మామూలు పతకాలకంటే దాదాపు రెట్టింపు తూగింది. ముఖం మీద కొండ, దాని వెనక సూర్యుడు. రెండోవైపు 'నమ్మకమైన సేవకు' అన్న అక్షరాలు. అంతవరకూ బాగానే ఉంది. కానీ రిబ్బను దూర్చే సన్నని కమ్మీ ఉండాల్సినచోట బొటనవేలు పట్టేంత కడియం ఉంది. అంతలావు కడియానికి రిబ్బను కట్టరు, తోలు పట్టీ కడతారు. కోడలు అంచు చూసింది. పర్వత దళం, నాలుగువందల పదిహేడు. ఆ దళం సిపాయిల జాబితా తీసింది. అందులో నంబర్లు మూడువందల తొంభైతో ఆగిపోయాయి.

"మీ నాన్నగారి మెడ బాగా లావుగా ఉండేదా అండీ?" అని అడిగింది కోడలు.

కల్నల్ కాస్త ఆలోచించి, వీరుల మెడలు లావుగానే ఉంటాయని చెప్పాడు.

అత్తగారు కుర్చీలో బఠాణీలు ఒలుస్తోంది. కోడలు వెళ్లి పతకాన్ని ఆవిడ ఎడమ అరచేతిలో పెట్టింది.

మొదట చెవులు కదిలాయి. కుడిది ముందు, తర్వాత ఎడమది. ఆవిడ పెదవులు వదులు చేసి బుర్రుమని గాలి ఊదింది. తర్వాత ఒళ్లోని గిన్నెలో ముఖం పెట్టి, ఒలిచిన గింజల్ని పక్కకి తోసేసి తొక్కల్ని నమలడం మొదలుపెట్టింది. కల్నల్ చేతులు కట్టుకుని గౌరవంగా చూశాడు. కొండ మీద తిండికి ఎంత కటకటలాడారో అని మనవరాలి చెవిలో చెప్పాడు.

తొక్కలు అయిపోయాక అత్తగారు లేచి, నెమ్మదిగా గుమ్మం దగ్గరకి నడిచి, అడ్డంగా నిలబడిపోయింది. ఆ గదికి అదొక్కటే గుమ్మం. ఏదో ఫైలు కోసం వచ్చిన మ్యూజియం అధికారి ఆవిడని పక్కకి జరగమన్నాడు. ఆవిడ జరగలేదు. బతిమాలాడు. కదల్లేదు. భుజం మీద చెయ్యేసి కొంచెం నెట్టాడు. ఆవిడ వెనక్కి చూడనైనా చూడకుండా, కాలితో ఆయన మోకాలి కింద గురిచూసినట్టు ఒక్కటి ఇచ్చింది. డెబ్బైరెండేళ్ల మనిషి తన్నులా లేదది. అధికారి వసారాలో చతికిలబడి, ఇది కూడా రిజిస్టర్లో రాయమని లోపలున్న కోడలికి చెప్పాడు.

కోడలు పతకం తీసుకుందామని చూస్తే అత్తగారి పిడికిలి బిగిసిపోయి ఉంది. బఠాణీలు చూపించింది. మంచి మాటలు చెప్పింది. ఎప్పుడూ పనిచేసే ఉపాయం, పక్కింటి విషయం ఒకటి చెబుతానని కూడా అంది. లాభం లేకపోయింది. ముప్పావుగంట గడిచింది. బయట వరసలో ఉన్నవాళ్లు గోడకి ఆనుకుని కూర్చున్నారు. మా అత్తయ్య మామూలుగానే మొండి మనిషండీ, ఇందులో ఆవిడ పాలెంతో పతకం పాలెంతో తేల్చడం కష్టమని కోడలు కల్నల్‌కి క్షమాపణగా చెప్పుకుంది.

కల్నల్ ముఖంలో బింకం కొంచెం కొంచెంగా జారిపోతోంది. మా నాన్న ఇలా ఉండేవాడు కాదమ్మా, మెత్తని మనిషి అన్నాడు. ఆ తర్వాత ఏం చేయాలో తోచక, తనకి తెలియకుండానే, ఇంట్లో ఎవరైనా అలిగినప్పుడు చేసే చప్పుడు చేశాడు. నాలికని అంగిలికి ఆనించి రెండుసార్లు టక్కుటక్కుమనిపించి, చివర సన్నగా ఒక ఈల. చిన్నప్పుడు ఆయన లేవకపోతే తండ్రి అలాగే లేపేవాడు. ఈయన కొడుకునీ, మనవరాలినీ అలాగే లేపాడు. అదేం చప్పుడో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

అత్తగారి చెవులు రెండూ ఒక్కసారే ఆయనవైపు తిరిగాయి.

ఆవిడ తల వంచుకుని మెల్లగా వచ్చింది. వచ్చి, కల్నల్ భుజం మీద తల వాల్చి, ఒంటి బరువంతా ఆయన మీద ఆన్చింది. జ్వరమొస్తే నుదురు పట్టుకు చూస్తానన్న కొడుకుని కూడా దగ్గరికి రానివ్వని మనిషి. కల్నల్ ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. ఎవరూ చెప్పకుండానే ఆయన చెయ్యి పైకి లేచి ఆవిడ చెవి వెనక గోకింది. పిడికిలి వదులైంది. పతకం నేల మీద పడి, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

అత్తగారు తనలోకి తను వచ్చి, ముందు ఆ భుజాన్నీ తర్వాత ఆ మనిషినీ చూసి, ఎవరండీ మీరు అంటూ దూరంగా జరిగింది. పళ్ల సందులోంచి తొక్క పీచు లాగి, తప్పంతా నీదే అన్నట్టు కోడలివైపు చూసింది.

కోడలికి అప్పటికి అర్థమైపోయింది. బల్ల ఎక్కి, పై అరలోంచి ఇంతవరకూ ఎవరికీ అవసరం పడని పుస్తకం ఒకటి దించింది. అది పర్వత దళం పశువుల జాబితా. వేలుపెట్టి చూసుకుంటూ నంబరు దగ్గర ఆగింది. చదవాలా వద్దా అన్నట్టు కల్నల్ ముఖం చూసింది. చదవమన్నాడు.

"నాలుగువందల పదిహేడు. కంచరగాడిద. ఆడది. వయసు తొమ్మిది. మంచు పడి దారి మూసుకుపోయినప్పుడు పదకొండుసార్లు కొండెక్కి, గాయపడ్డవాళ్లని నలభై ఒక్కమందిని కిందకి తెచ్చింది. ఒక అధికారిని తన్నింది. విచారణలో తప్పు అధికారిదే అని తేలింది."

వసారాలో మ్యూజియం అధికారి మోకాలు రుద్దుకోవడం ఆపేశాడు.

కింద కాపరి పేరు అన్నచోట కల్నల్ తండ్రి పేరు ఉంది. దాని పక్కన ఎర్రసిరాతో గమనిక: ఇంకెవరు పిలిచినా కదలదు, కాపరిని బదిలీ చేయరాదు. ఆ కిందే చాలా ఏళ్ల తర్వాత వేరే చేతిరాతతో ఇంకో వాక్యం: ముసలితనం వల్ల మరణించింది, వేరే వారసులెవరూ లేనందున పతకాన్ని కాపరికి అప్పగించడమైనది.

కల్నల్ వెతుక్కోకుండా దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. అది అత్తగారి కుర్చీ. కోడలు కంగారుగా చూసింది గానీ అత్తగారు చేతిరుమాలైనా తీయలేదు. ఆయన కోడలివైపు తిరిగాడు.

"మా నాన్న బతికున్నన్నాళ్లూ నన్ను గాడిదా అనే పిలిచాడమ్మా. పేరు పెట్టి ఒక్కనాడూ పిలవలేదు. నేనెందుకూ పనికిరానని అలా అంటున్నాడనుకున్నాను. ఈ పాదాలు పనికిరావని డాక్టరు పంపేసిన రోజున కూడా, ఇంటికొస్తే, రారా గాడిదా అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు."

దానికి జవాబు చెప్పింది అత్తగారే.

"ఆయన నోట అది తిట్టు కాదండీ. ఇందాక నాకు తెలిసింది. ఆ పిలుపు వింటే ఎంత మంచులోకైనా వెళ్లబుద్ధేస్తుంది."

కల్నల్ తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని ఆయనకి తట్టలేదు.

అప్పుడు, ఇరవై ఏళ్లలో మొదటిసారి, మనవరాలు నోరు తెరిచి మంచినీళ్లు అడగలేదు. "తాతయ్యా, నేను సోమవారం వెళ్లను" అంది.

ఆయన ఆమెవైపు చూశాడు. కోడలివైపు తిరిగి, పుస్తకంలో ఎలా ఉందో అలాగే కాయితం రాసిమ్మన్నాడు. మరి కోటలండీ అని కోడలు మెల్లగా అడిగింది. కోటలు తీసేయమన్నాడు. తన్నిన సంగతి మాత్రం ఉంచమన్నాడు.

ఆ తర్వాత మూడు రోజులు అత్తగారు ఎవరేం చెప్పినా వినలేదు. చేతిలో పతకం లేకపోయినా దాని ప్రభావం ఇంకా పోలేదని ఆవిడ చెప్పుకొచ్చింది. మామూలుకీ దీనికీ తేడా ఏమిటో కోడలికి అంతుపట్టలేదు గానీ, గడిలో అలాగే రాసింది.

కల్నల్ ఇంట్లో ఆ మూడు రోజులూ వేరేగా గడిచాయి. కాయితానికి అద్దం కట్టించి ముందుగదిలో తగిలించాడు. వచ్చినవాళ్లకి పతకం ఇప్పుడు చేతికిచ్చి, బరువు చూడండి అనేవాడు. సైనిక కుటుంబం అన్న మాట నోటివెంట రాలేదు. నలభై ఒక్కమంది అని మాత్రం మాటిమాటికీ అనేవాడు. ఆ సంఖ్య పెరగలేదు. సోమవారం సంగతి ఎత్తలేదు. మనవరాలికి అన్నిటికంటే ఆ మౌనమే భయమేసింది. తన మాట విన్నాడో లేదో, విని మరిచిపోయాడో, విననట్టు నటిస్తున్నాడో తెలియలేదు. తండ్రిని అడిగితే, ఆయన మనసులో ఏముందో నాకు ఈ వయసుకీ తెలియదమ్మా అన్నాడు.

సోమవారం ఏడింటికల్లా కల్నల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె బూట్లు తొడుక్కుని బయల్దేరింది. ఇద్దరూ వీధి చివరిదాకా నడిచారు. అక్కడ ఎడమకి తిరిగితే మైదానం. అప్పటికే ఈలలూ, వరసలో నిలబెడుతున్న కేకలూ వినిపిస్తున్నాయి. కుడికి తిరిగితే సందు. కల్నల్ ఆగిపోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఎటూ చూడకుండా నిలబడ్డాడు.

"ఎటు తాతయ్యా?" అంది ఆమె.

"ఆ నలభై ఒక్కమందినీ దించినప్పుడు దారి మా నాన్నకి కనబడి ఉండదు, అంత మంచు. ముందు నడిచింది ఆయన కాదు. నువ్వు నడు, నేను వెనకాలొస్తాను."

ఆమె ఒకసారి మైదానంవైపు చూసింది. తర్వాత కుడికి తిరిగింది. ఆయన రెండడుగులు వెనకగా నడిచాడు. ఎక్కడికని అడగలేదు. సందులో కొళాయి దాటారు, రంగులవాడి కొట్టు దాటారు. తోలు వాసన వస్తుంటే ఆయన ముక్కు ఎగబీల్చాడు గానీ అప్పటికీ అడగలేదు.

బూట్లు కుట్టే ఆయన కల్నల్‌ని చూడగానే కుడిచేతికి తొడిగిన బూటుతోనే లేచి నిలబడ్డాడు. ఈ రోజు ఎప్పుడో వస్తుందని ఏడాదిగా భయపడుతున్న మనిషి. చెప్పాల్సిన అబద్ధాలు నాలుగైదు సిద్ధం చేసి పెట్టుకున్నాడు గానీ ఒక్కటీ నోటికి రాలేదు. కల్నల్ దుకాణమంతా తీరిగ్గా చూశాడు. కిటికీలో ఉన్న జత దగ్గర ఆగి, ఇది ఎవరు కుట్టారని అడిగాడు. మీ అమ్మాయేనండీ అన్నాడు అతను. కల్నల్ ఒక బూటు తీసి, లోపల చెయ్యి పెట్టి, కుట్టు పొడవునా వేలు నడిపించాడు. ఎక్కడా తట్టుకోలేదు.

"పిల్ల చెప్పిన మాట వింటుందా?" అని అడిగాడు.

బూట్లు కుట్టే ఆయన అమ్మాయివైపు చూశాడు, నేలవైపు చూశాడు. చివరికి నిజమే చెప్పాడు.

"వినదండీ. కుట్టు ఒక్క నూలుపోగు వంకరపోయినా, నేను బాగుందన్నా ఒప్పుకోదు. మొత్తం విప్పేసి మళ్లీ మొదటినుంచి కుడుతుంది. ఇలాగైతే కష్టమమ్మా అని ఏడాదిగా చెబుతూనే ఉన్నాను."

కల్నల్ బూటుని దాని జత పక్కన జాగ్రత్తగా సర్ది పెట్టాడు.

"మావైపు పోలిక" అన్నాడు.